నాలుగో నంబరు ప్రెస్ మీది నిమ్మకాయ

దిష్టి నిమ్మకాయ ఏ ప్రమాదాన్నీ ఆపదు. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను. ఎందుకంటే నేను రాయబోయేది చదివి, "చూశారా, ఆ నాస్తికుడికి కూడా చివరికి బుద్ధి వచ్చింది" అని సంతోషపడేవాళ్లు ఉంటారు. నాకు బుద్ధి వచ్చిన మాట నిజమే. వాళ్లనుకునే వైపు నుంచి మాత్రం రాలేదు.

కిందటి నెల ఒక పాలిటెక్నిక్‌లో పిల్లలతో మాట్లాడమని పిలిచారు. మిషన్ల రిపేరు సమయంలో చేతులకు తగిలే దెబ్బల గురించి గంటసేపు చెప్పాను. చివర్లో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచి, "సార్, మీ వల్ల ఎవరి చెయ్యన్నా పోయిందా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి వేరే మాటలోకి వెళ్లిపోయాను. బస్సులో ఇంటికొస్తూ చాలాసేపు నా చేతులనే చూసుకున్నాను. ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. నేను చేసింది పారిపోవడం. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

పోయింది. మొత్తం చెయ్యి కాదు. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు. ఆ చెయ్యి పొద్దున్నే నాలుగు బర్రెల పాలు పిండి, ఆ తర్వాత మా ఫ్యాక్టరీకి వచ్చి పానా పట్టుకునే చెయ్యి.

ఫ్యాక్టరీ కంచన్‌బాగ్ నుంచి లోపలికి పోయే దారిలో ఉండేది. ఇప్పుడు లేదు. ఆ జాగాలో ఫంక్షన్ హాలు కట్టారు, మేం మిషన్లు నిలబెట్టిన చోట ఇప్పుడు పెళ్లికొడుకులు కూర్చుంటున్నారు. తలుపుల మడతబందులు, గడియలు, కిటికీ కొక్కేలు తయారుచేసేవాళ్లం. నేను మెయింటెనెన్స్ ఇన్‌చార్జిని, భద్రత బాధ్యత కూడా నాదే. చిన్న ఫ్యాక్టరీల్లో అంతే. మిషన్‌ను ఎలాగైనా నడిపించాల్సిందీ, అవసరమైతే ఆపాల్సిందీ ఒకడే.

షెడ్డులో ఆరు పవర్ ప్రెస్సులు ఉండేవి. పవర్ ప్రెస్ తెలియనివాళ్లు ఇలా ఊహించుకోండి. పక్కన బండిచక్రమంత ఇనుపచక్రం తిరుగుతూ ఉంటుంది. కింద పెడల్ తొక్కితే ఆ చక్రం బలం ముందువైపు ఉన్న పెద్ద ఇనుప దిమ్మెకు అందుతుంది. దాన్ని ర్యామ్ అంటారు. అది దభీమని దిగి, రేకును అచ్చు మీద నొక్కి, మళ్లీ పైకి పోతుంది. స్విచ్ ఆపితే మోటారు ఆగుతుంది. చక్రం ఆగదు. తన ఊపులో తాను తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో పెడల్ తొక్కినా ర్యామ్ దిగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

నా సర్వీసులో నన్ను మొదటి నుంచీ వేధించిన ప్రశ్న ఒకటుంది. చేతులకు దెబ్బలు ఎక్కువగా పని జరుగుతున్నప్పుడు తగలాలి కదా? నేను చూసినంతలో అలా కాదు. ఇరుక్కున్న రేకు తీస్తున్నప్పుడు, అచ్చు మారుస్తున్నప్పుడు, గ్రీజు పెడుతున్నప్పుడు తగిలేవి. మిషన్ నడుస్తుంటే మనిషికి భయం ఉంటుంది. స్విచ్ ఆపగానే ముందు ఆ భయం ఆగిపోతుంది. మిషన్ ఆ తర్వాత తీరిగ్గా ఆగుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న కాసింత సమయంలోనే వేళ్లు పోతాయి.

ఇంత తెలిసినవాడిని ఏం చేశానో వినండి.

మాది పాతబస్తీలో తరాలుగా గుడి పూజ చేసుకునే కుటుంబం. మా నాన్న హారతి పళ్లెం పట్టుకున్న చేత్తోనే నాకు చెంపదెబ్బలు కొట్టాడు, దేవుడు ఎక్కడున్నాడని అడిగినందుకు. ఆ దెబ్బలకు నా ప్రశ్నలు పెరిగాయే తప్ప తగ్గలేదు. ఉద్యోగంలో చేరాక నాస్తిక సంఘం తరఫున సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, వెలిగించిన కర్పూరం అరచేతిలో పెట్టుకుని, బాబాల మహిమలు ఎంత సులువో చూపించేవాణ్ణి. మూఢనమ్మకం మీద ఎక్కడ చర్చ జరిగినా నాకు కుర్చీ ఉండేది. గొంతు పెద్దది, మాట పదునైంది. ఎదుటివాడు నోరు మూసుకుంటే నేను గెలిచాననుకునేవాణ్ణి. ఎదుటివాడు నోరు మూసుకోవడానికి ఇంకా చాలా కారణాలు ఉంటాయని అప్పటికి తెలియదు.

ఒకరోజు నాలుగో నంబరు ప్రెస్ దగ్గర ఒకాయన మెడలో తువ్వాలు చక్రంలో పడింది. మనిషికి ఏమీ కాలేదు, తువ్వాలు పీలికలైంది. వారం తిరగకముందే ఆ చక్రానికి చుట్టూ రేకు గార్డు బిగించాను. మంచి పనే చేశాను, ఇప్పుడైనా అదే చేస్తాను. కాకపోతే అప్పటిదాకా చక్రం చువ్వలు తిరుగుతూ అందరికీ కనిపించేవి. గార్డు వచ్చాక లోపల చక్రం తిరుగుతోందో ఆగిందో కనిపించడం మానేసింది. ఆ సంగతి నా ఆలోచనలోకే రాలేదు. ఆగిందో లేదో తెలుసుకోవాల్సింది లోపల చెయ్యి పెట్టేవాడు. నేను చెయ్యి పెట్టేవాణ్ణి కాదు.

ఆ తర్వాత వచ్చిన దసరాకు షెడ్డులో పూజ జరిగింది. గుడిమల్కాపూర్ నుంచి గంపెడు బంతిపూలు, మిషన్లకు పసుపు బొట్లు, ప్రతిదానికీ నిమ్మకాయా మిరపకాయలూ. మిగతావాటి మీద అవి ఎండి రాలిపోయాయి. నాలుగో నంబరు మీద మాత్రం నిమ్మకాయ ఒకటి వేలాడుతూనే ఉండేది. ఎండిపోతే కొత్తది వచ్చేది.

దాన్ని కట్టేది మా ప్రెస్సుల షెడ్డు పెద్ద ఫిట్టర్. బార్కస్ మనిషి. వాళ్ల తాతల తాతలు అరబ్ దేశం నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరారని చెప్పుకునేవాడు. ఆరడుగుల మనిషి, నెరిసిన గడ్డం, పలకలాంటి అరచేతులు. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. ఏ పూట నమాజూ తప్పని మనిషి ఒక ఇనుప మిషన్‌కు నిమ్మకాయ కడుతుంటే నాకు ఒళ్లు మండింది.

"ఏంది భాయ్, నువ్వు గూడ మొదలువెట్టినవా? మీ మౌల్సాబ్‌కు తెలుసా?" అన్నాను నలుగురిలో.

"మౌల్సాబ్ సంగతి ఛోడో సాబ్, మా బీవీకి తెలిస్తే నన్ను గల్లీల పండవెడ్తది," అన్నాడు ఉస్తాద్. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

"మరి ఎందుకు కట్టినవ్?"

"ఆప్కో క్యా తక్లీఫ్ హై? గది ఎవరినేమన్న అంటున్నదా? ఉండనియ్యి."

ఇప్పుడు గుర్తు చేసుకుంటే ఆ నిమ్మకాయలో చిత్రమైన విషయాలు ఎన్ని ఉన్నాయో. దిష్టికి కట్టేది అందరి కళ్లూ పడేచోట కడతారు. ఇది మిషన్ ముందు కాదు, పక్కన, చక్రం ఇరుసును పట్టి ఉంచే చోటి బోల్టుకు వేలాడేది. అచ్చు దగ్గర వంగి పనిచేసేవాడి కళ్లకు తప్ప ఇంకెవరికీ కనిపించదు. దిష్టి నిమ్మకాయకు మిరపకాయలు గుచ్చుతారు, దీనికి ఒక్కటీ లేదు. శనివారం శనివారం మార్చేవాళ్లుంటారు, ఇతను కాయ కాస్త ముడతపడగానే మార్చేవాడు, అది మంగళవారమైనా సరే. ఇవన్నీ నా కంటికి కనిపించాయి. కనిపించలేదని అబద్ధమాడను. చూసి, "వీళ్లకు మూఢనమ్మకం కూడా సరిగ్గా రాదు" అని మా సంఘం మిత్రులకు చెప్పి నవ్వించాను.

పాలు పిండే చెయ్యి అన్నాను కదా, ఆయన సంగతి. ఉస్తాద్ తర్వాతి ఫిట్టర్ ఆయన. నలభై దాటిన మనిషి, వాళ్లది పాల వ్యాపారం. ఇంటి వెనక కొట్టంలో నాలుగు బర్రెలు. తెల్లవారకముందే లేచి పాలు పిండి, గల్లీల్లో పోసి, ఎనిమిదింటికి షెడ్డులో ఉండేవాడు. ఆయన రాగానే పచ్చిగడ్డి వాసన వచ్చేది. షెడ్డులో అందరికీ పాలన్న. "పాలన్నా, ఇయ్యాల నీళ్లెన్ని కలిపినవ్?" అంటే, "నీ మొఖం కడిగిన నీళ్లు గూడ కలిపిన" అనేవాడు. మాటకు మాట. నాతో మాత్రం తక్కువ మాట్లాడేవాడు. నేను చర్చలు చేసే మనిషినని భయం.

భద్రతా వారోత్సవం వచ్చింది. బ్యానర్లు కట్టించాను. ఎర్ర రంగుతో ఒక బోర్డు రాయించాను: "ప్రమాదాన్ని ఆపేది నిమ్మకాయ కాదు, నిబంధన." కింద ఐదు నిబంధనలు. మొదటిది: చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపండి. ఇంకోటి: ర్యామ్ దిగకుండా కింద ఇనుప దిమ్మె పెట్టండి. అంతకు ముందే అలాంటి దిమ్మెలు ఆరు చేయించాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూర్చోవడానికి వాళ్లకు అవి బాగా పనికొచ్చేవి. అది తెలిసీ పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది వదిలేసి, కత్తెర పట్టుకుని నిమ్మకాయల వెంట పడ్డాను.

గేటుకు ఉన్నది కోశాను. ఆఫీసు గుమ్మానిది కోశాను, మేనేజర్ మొహం ముడుచుకున్నా వదల్లేదు. ఆఖరికి నాలుగో నంబరు ప్రెస్ దగ్గరికి వచ్చాను. ఉస్తాద్ ఆ మూడు రోజులూ సెలవు, చెల్లెలి కూతురి పెళ్లి. పాలన్న ఉన్నాడు.

"సారూ," అన్నాడు మెల్లగా, "గదొక్కటి ఉండనియ్యరాదు."

"ఎందుకు? అమ్మోరు కోపానికొస్తదా?"

పక్కన ఇద్దరు నవ్వారు. పాలన్న కూడా నవ్వినట్టే పెదాలు కదిపి, చేతిలో పానాను గుడ్డతో తుడుచుకున్నాడు.

"గట్ల గాదు..." అన్నాడు.

"మరెట్ల?"

దారం కోసేశాను.

ఆ రెండు మాటలను నేను చాలాసార్లు తిప్పి చూసుకున్నాను. 'ఎందుకు' అనే అడిగాను, 'మరెట్ల' అనే అడిగాను. మాటల ప్రకారం రెండూ ప్రశ్నలే. కాని జవాబు కోసం అడిగినవి కావు. జవాబు వద్దన్న సంగతి నా గొంతులోనే ఉంది, ఆయనకు వినిపించింది. అందుకే ఊరుకున్నాడు. ఆ కాయలన్నీ చెత్తడబ్బాలో పోసి ఫోటో తీసి మా సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి.

మర్నాడు పదకొండు గంటలప్పుడు నాలుగో నంబరులో రేకు ఇరుక్కుంది. పాలన్న వెళ్లాడు. స్విచ్ ఆపాడు. బోర్డు మీది మొదటి నిబంధన తు.చ. తప్పకుండా పాటించాడు. కాసేపు ఆగి, వంగి, అచ్చులోకి చెయ్యి పెట్టాడు. ముందుకు వంగినప్పుడు కాలు పెడల్‌కు తగిలింది. రేకు గార్డు లోపల చక్రం ఇంకా తిరుగుతోంది.

నేను ఆఫీసులో ఉన్నాను. అరుపు వినిపించలేదు, ఆయన అరవలేదట. షెడ్డులో మిగతా ప్రెస్సుల చప్పుడు ఒకదాని వెనక ఒకటి ఆగిపోవడం వినిపించింది. ప్రెస్సుల షెడ్డు పనిగంటల్లో నిశ్శబ్దమైపోతే ఏం జరిగిందో చెప్పడానికి ఎవరూ రానక్కర్లేదు.

చేతికి తడిగుడ్డ చుట్టి, ఎదుటి చెరకురసం బండి మీంచి ఐసు తీసుకుని, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. వేళ్లు నలిగిపోయాయి, అతకడం కుదరదన్నారు. బొటనవేలు, మిగతా రెండూ దక్కాయి. సాయంత్రం మందు మత్తు దిగాక పక్కన కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, అప్పటికీ నా మనసులో ఉన్నది ఆయన పొరపాటు ఎక్కడ చేశాడన్న ప్రశ్నే.

"స్విచ్ ఆపినవా పాలన్నా?"

"ఆపిన సార్."

"చక్రం ఆగేదాంక చూడొద్దా మరి?"

ఆయన నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. అంత తెలిసిన మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు ఉంది ఆ చూపు.

"చూసిన సార్. రోజు చూసే కాడనే చూసిన. ఏం ఊగుతలే."

నాకు అర్థం కాలేదు. ఏది ఊగాలి? అడగబోయాను. నర్సు వచ్చి బయటికి పంపింది.

మేనేజర్ ప్రమాద నివేదిక రాయమన్నాడు. "పెద్ద ఆలోచనెందుకండీ? అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడు అని రాసి పడెయ్యండి. ఎక్కడైనా అదే రాస్తారు." నేను అంత నీచుణ్ణి కానని నిరూపించుకోవడానికి "శిక్షణ లోపం" అని రాశాను. ఎంత మర్యాదైన మాట. ఎవరూ దోషి కానక్కర్లేదు. రాశాను గానీ సంతకం పెట్టలేకపోయాను. "ఏం ఊగుతలే" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

ఉస్తాద్ పెళ్లి నుంచి తిరిగొచ్చాడు. నాతో మాట్లాడకుండా నేరుగా నాలుగో నంబరు దగ్గరికెళ్లి, ఖాళీ బోల్టు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను వెనకగా వెళ్లాను.

"ఉస్తాద్, ఆ నిమ్మకాయ ఎందుకు కట్టినవ్?"

ఈసారి నా గొంతులో ఏముందో నాకు తెలియదు. అతను తిరిగి చూసి, "ఒక నింబూ తెప్పియ్యి సాబ్. తాజాది, బరువున్నది," అన్నాడు.

క్యాంటీన్ నుంచి తెప్పించాను. అతను దారం తీసుకుని, బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా చెయ్యి చాచి జానెడు కొలిచాడు. నిమ్మకాయకు గుచ్చి బోల్టుకు వేలాడదీశాడు. మోటారు స్విచ్ వేశాడు, చక్రం వేగం అందుకున్నాక ఆపాడు.

"ఇగ చూడు."

నిమ్మకాయ సన్నగా వణుకుతోంది. కళ్లు చికిలించి చూస్తే తప్ప తెలియదు.

"నిలిచింది గద," అన్నాను.

"నిలిచినట్టే కనవడ్తది. జల్దీ చెయ్యకు సాబ్, ఆగు."

ఆగాను. నిమిషం. రెండు నిమిషాలు కావస్తోంది. అప్పుడు, ఎవరూ ముట్టుకోకుండా, గాలి కూడా లేకుండా, ఆ నిమ్మకాయ ఊగడం మొదలుపెట్టింది. మొదట వేలెడు దూరం. తర్వాత బెత్తెడు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఎవరో దాక్కుని ఊపుతున్నట్టు. అబద్ధమెందుకు, దయ్యాల కథలు కట్టేవాళ్లు ఇలాంటిదేదో చూసే మొదలుపెట్టి ఉంటారనిపించింది. కాసేపటికి ఊపు తగ్గింది. తగ్గి తగ్గి, కాయ నిలిచిపోయింది. ఉస్తాద్ గార్డు బోల్టులు విప్పి రేకు పక్కకు జరిపాడు. చక్రం రాయిలా ఆగి ఉంది.

"గా ఆఖరి ఊపు వచ్చి పోవాలె. గప్పటిదాంక చెయ్యి పెట్టొద్దు. పాలన్నకు గూడ నేనే నేర్పిన."

పాలన్న అలవాటుగా చూసింది ఈ బోల్టునే, ఊగడానికి అక్కడ నేను ఏమీ మిగల్చలేదు. బడిలో చదువుకున్న లోలకం గుర్తొచ్చింది. వేలాడే ప్రతి వస్తువుకూ దాని సొంత తాళం ఒకటుంటుంది. చక్రం వేగంగా తిరిగినంతసేపూ కుదుపులు ఆ తాళానికి అందవు, కాయ ఊరికే వణుకుతుంది. చక్రం నెమ్మదించి ఆ తాళానికి వచ్చేసరికి, ఉయ్యాల్లో పిల్లను సరిగ్గా సమయానికి తోసినట్టు, ప్రతి కుదుపూ కాయను ఇంకాస్త తోస్తుంది. ఆ పైన చక్రం ఆగుతుంది. కాయ దానికంటే కాస్త ఆలస్యంగా ఆగుతుంది, ముందు మాత్రం ఆగదు. దీనికి కొలమానం జానెడు దారం. అలాంటి పరికరాన్ని కనిపెట్టమంటే నేను పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా కనిపెట్టేవాణ్ణి కాదు.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరం అదే పని. మూరెడు దారం కట్టి చూశాం, ఊపు బాగా చివర్లో, చాలా మందకొడిగా వచ్చింది. బెత్తెడు కట్టాం, పెద్ద ఊపు మరీ ముందే వచ్చి పోయింది. చక్రం అప్పటికింకా తిరుగుతూనే ఉంది, అది మరీ ప్రమాదం. ఎండు నిమ్మకాయ గాలికే ఊగింది. ఇనుప నట్టు కడితే అన్నిటికంటే నిలకడగా పనిచేసింది. మిగతా ప్రెస్సులకు కట్టాం, వాటి చక్రాలు చిన్నవి, తొందరగా ఆగుతాయి, ఇరుసులు కొత్తవి, కాయ కదల్లేదు. నాలుగో నంబరులో ఇరుసు పట్టు అరిగి ఉంది, అందుకే కుదుపు బయటికి వస్తోంది. ఒక లోపాన్ని ఈ మనిషి కొలతగా మార్చుకున్నాడు.

"ఇది నీకెట్ల దొరికింది ఉస్తాద్?"

"మీరు రేకు మూసినంక చక్రం కనవడ్తలే. చెవి పెడితే పక్క మిషన్ల లొల్లి. చెయ్యి ఆనిస్తే అన్నిట్ల వణుకు ఒక్కతీర్గనే ఉంటది. దసరాకు ఎవరో కట్టిన నింబూ గీడ ఉండె. పని లేనప్పుడు దాన్నే చూసుకుంట కూసున్న. మూడు నెల్లు చూసిన."

మూడు నెలలు. నేను దాన్ని మూడు నిమిషాలు కూడా చూడలేదు. మా ఇద్దరిలో శాస్త్రీయ దృష్టి ఉన్నవాడెవరో మీరే చెప్పండి.

"నాకెందుకు చెప్పలే?"

ఉస్తాద్ నట్టును అరచేతిలో వేసుకుని ఎగరేశాడు. "చెప్తే మీ రిజిస్టర్ల రాస్తుంటిరా సాబ్, నింబూ అని? మల్ల మీరెప్పుడు అడిగిన్రు? నవ్విన్రు. నేను గూడ నవ్విన. అయిపాయె."

నివేదిక చింపి మళ్లీ రాశాను. "చక్రం ఆగిందో లేదో తెలుసుకోవడానికి కార్మికులు ఏర్పాటు చేసుకున్న గుర్తును, దాని పని ఏమిటో తెలుసుకోకుండా నేను తొలగించాను. అది లేని కారణంగా, నిబంధన పాటించిన కార్మికుడి చెయ్యి నలిగింది. ఆ గుర్తు ఒక నిమ్మకాయ." మేనేజర్ చదివి, "ఆఖరి ముక్క తీసెయ్యండి, నవ్వుతారు," అన్నాడు. నవ్వనివ్వండి అన్నాను. నాకు మెమో వచ్చింది. రావాల్సిందే. గార్డు రేకు తీసి జాలీ పెట్టించాను, ఇప్పుడు చక్రం కనిపిస్తుంది, చెయ్యి దూరదు. పెడల్‌కు మూత పెట్టించాను. ఇనుప దిమ్మెలను గొలుసులతో ప్రెస్సులకు కట్టించాను, అన్నం తినేటప్పుడు కూర్చోవడానికి బెంచీలు వేయించాను. ఆ బెంచీలు మొదటే వేయిస్తే దిమ్మెలు దిమ్మెల పనే చేసేవేమో. జాలీ వచ్చినా ఉస్తాద్ నట్టు మాత్రం తీయలేదు. దానికి ఎర్ర రంగు వేసింది నేనే.

ఇవన్నీ చేయడం తేలిక. పాలన్న ఇంటికి వెళ్లడం తేలిక కాలేదు.

పదో రోజున వెళ్లాను. ఇరుకు గల్లీ, చివర ఇల్లు, వెనక కొట్టం. పాలన్న కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. వాళ్లమ్మ బర్రె కింద కూర్చుని పాలు పిండుతోంది. డెబ్బై దాటిన మనిషి, వంగితే నడుం పట్టేస్తుందట, కొడుకు చెయ్యి పోయాక ఆమెకు తప్పలేదు. నన్ను చూసి లేవలేదు.

"నువ్వేనా, గుడి పంతులు కొడుకువి?"

"అవునమ్మా."

"పంతులు కొడుకువై నిమ్మకాయ తీసేస్తివా?" చేతులు చీరకు తుడుచుకుంది. "అందరు అంటున్నరు, నిమ్మకాయ తీసినందుకే నా కొడుకు చేతి ఏళ్లు పోయినయని. వీడు నోరిప్పడు. నువ్వు చెప్పు. నిజమేనా?"

నేను నిమ్మకాయల మీద లెక్కలేనన్ని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. అలాంటి ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండే జవాబులున్నాయి. వాటిలో ఒక్కటీ ఆ కొట్టంలో నిజం కాదు.

"నిజమే అమ్మా. తీసింది నేనే."

పాలన్న తల తిప్పి చూశాడు. నేను అక్కడే గడ్డిమోపు మీద కూర్చుని చక్రం సంగతి, ఊపు సంగతి, మొదటి నుంచి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అయితే నిమ్మకాయనే కాపాడినట్టు."

"కాదమ్మా. దాన్ని చూసుకుంట ఆగుడు కాపాడింది."

"గదే గదా నేననేది," అన్నది.

వాదించలేదు. అది నా జీవితంలో నేను వదులుకున్న మొదటి చర్చ. పాలన్న మాత్రం ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "అమ్మా, సారుతోని పెట్టుకోకు, మీటింగు వెడ్తడు," అన్నాడు.

అసలు దిగులు ఆయనకు వేళ్ల గురించి కాదు. పెద్ద బర్రె ఆయన చేతికి తప్ప సరిగ్గా చేపదట, పాలు కిందికి విడవదట. తల్లి పిండితే సగం పాలు పొదుగులోనే బిగపడుతోంది. మిగిలిన వేళ్లతో ఆయన పిడికిలి బిగించగలడా? బిగించినా ఆ చెయ్యిని బర్రె గుర్తుపడుతుందా? ఈ రెండో ప్రశ్న నన్ను పట్టుకుంది. కట్టు విప్పాక ఆయన ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచి, వీలున్నప్పుడల్లా పొద్దున్నే ఆ కొట్టానికి వెళ్లి కూర్చునేవాణ్ణి. మొదటి రోజు బర్రె తన్నింది. రెండో వారం నిలబడింది గానీ చేపలేదు. ఆయన ఎడమచేతిని ముందు వేసి, కుడిచేతి బొటనవేలినీ మిగిలిన రెండు వేళ్లనూ కొత్తగా అలవాటు చేశాడు. నేను సలహాలివ్వలేదు. చూశాను. ఉస్తాద్ మూడు నెలలు చూసినట్టు చూడటం నేర్చుకుంటున్నాను.

ఒక ఉదయం తపేలాలో పాల ధార చప్పుడు మారింది. మొదట టింగుమని సన్నగా, ఆ వెంటనే బరువుగా, ఎడతెరిపి లేకుండా. పాలన్న తలెత్తలేదు. బర్రె పొట్టకు నుదురు ఆనించి అలాగే పిండుతున్నాడు. "చేపింది," అన్నాడు, అంతే.

వాళ్లమ్మ లోపలికి పోయి వచ్చింది. చేతిలో దారానికి గుచ్చిన నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు.

"పంతులూ, పొడుగున్నవ్ గదా. గిది కొట్టం దర్వాజకు కట్టు."

నేను దాన్ని చూశాను. దర్వాజ వైపు చూశాను. పైన ఏదైనా తిరుగుతుందా? గాలి ఎటు నుంచి వస్తోందో తెలియడానికా? మిరపకాయల ఘాటుకు ఈగలు రాకుండానా? చాలాసేపు ఆలోచించాను, ఏమీ తట్టలేదు.

"ఎందుకమ్మా?" అన్నాను. ఈసారి జవాబు కావాలనే అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఇంత చదువుకున్నవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు.

"దిష్టికి! ఇంకెందుకు?"

పాలన్న బర్రె కిందనుంచి పకపక నవ్వాడు. నేను కట్టనన్నాను. ఎందుకు కట్టనో కూడా చెప్పాను, మెల్లగా, పూర్తిగా. ఆమె పూర్తిగా విని, "నీకేం దెల్వదు, జరుగు," అని, స్టూలు లాక్కొచ్చుకుని తానే ఎక్కింది. దాని ఒక కాలు పొట్టిది. నేల మీద పేడనీళ్లు. అది కదలకుండా ఆమె దిగేదాకా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.